మేసనిక్ లాడ్జి తలుపు వెనక ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా ఏళ్ళుగా నేను లాడ్జి మెంబర్ని. కొత్తగా చేరాలనుకునేవాళ్ళతో కూర్చుని మాట్లాడే పని ఎక్కువగా నాకే పడుతుంటుంది, దాదాపు అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు, కొంతమంది మొహమాటపడుతూ అడుగుతారు, కొంతమంది ఏవో వీడియోలు చూసొచ్చి నిలదీస్తారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఇది ఏ గ్రాండ్ లాడ్జి (లాడ్జిలన్నిటి మీదా ఉండే పెద్ద సంఘం) తరఫునా రాసింది కాదు, నాకు అలవాటైన ఇంగ్లీషు పద్ధతి నుంచి చెప్తున్నా, దేశాన్ని బట్టి, ఒక్కోసారి లాడ్జిని బట్టి కూడా మాటలూ వరసా కొంచెం మారుతుంటాయి.

అసలు ఫ్రీమేసన్రీ అంటే ఏంటి? లాడ్జి అంటే ఏంటి?

లాడ్జి అనగానే మనకు గదులు అద్దెకిచ్చే చోటే గుర్తొస్తుంది, ఇది అది కాదు. మధ్యయుగాల్లో యూరప్‌లో పెద్ద పెద్ద చర్చిలు కట్టేటప్పుడు రాళ్ళు చెక్కేవాళ్ళు పని జరిగే చోటే ఒక పాక వేసుకునేవాళ్ళు, పనిముట్లు పెట్టుకోడానికి, వానొస్తే తలదాచుకోడానికి, కాసేపు నడుం వాల్చడానికి. ఆ పాకనే లాడ్జి అనేవాళ్ళు. ఇప్పుడు లాడ్జిలో కూర్చునేవాళ్ళు రాళ్ళు చెక్కేవాళ్ళు కాదు గానీ పేరు అలాగే ఉండిపోయింది, ఇప్పుడు లాడ్జి అంటే బిల్డింగ్ కాదు, కలిసి కూర్చునే మనుషులు. మేసన్ అంటే రాతిపని చేసేవాడు. మనం వాడే మేస్త్రీ అన్న మాట పోర్చుగీసువాళ్ళ మెస్త్రె నుంచి వచ్చింది, దానర్థం మాస్టర్ అని, అంటే మాస్టర్ మేసన్‌ని తెలుగులో మేస్త్రీ అనేస్తే రెండు ముక్కలూ అందులోనే వచ్చేస్తాయి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

పని ఏంటంటే, రాతిపని పనిముట్లనీ ఇల్లు కట్టే పద్ధతినీ పోలికలుగా పెట్టుకుని మనిషి నడవడిక గురించి మాట్లాడుకోవడం, దాన్ని ఒక తంతులాగా, నాటకంలాగా చేసి చూపించడం. మూడు మెట్లున్నాయి, వాటిని డిగ్రీలు అంటారు: ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలో క్రాఫ్ట్, మాస్టర్ మేసన్.

ఇది ఎప్పుడు మొదలైంది? సోలమన్ కాలం నుంచీ ఉందా?

బైబిల్లో సోలమన్ రాజు కట్టించిన గుడి మా కథల్లో ఉంది, చరిత్రలో కాదు. రికార్డులున్న చరిత్ర స్కాట్లాండ్‌లో 1598, 1599 ప్రాంతంలో కనిపిస్తుంది, విలియం షా అనే రాజుగారి పనుల అధికారి లాడ్జిలకు రూల్స్ రాశాడు, ఎడిన్‌బరాలో ఒక లాడ్జి మీటింగుల రికార్డులు 1599 నుంచి ఉన్నాయి. రాయి ముట్టని పెద్దమనుషులు కూడా తర్వాత్తర్వాత చేరడం మొదలుపెట్టారు, ఎలియాస్ ఆష్మోల్ అనే పండితుడు తను 1646 అక్టోబర్ 16న వారింగ్టన్‌లో మేసన్ అయ్యానని డైరీలో రాసుకున్నాడు. ఇక అందరూ చెప్పుకునే తేదీ 1717 జూన్ 24, లండన్‌లో సెయింట్ పాల్ చర్చి దగ్గర గూస్ అండ్ గ్రిడిరన్ అనే సారాయి అంగడిలో నాలుగు లాడ్జిలు కలిసి మొదటి గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయి. 1723లో జేమ్స్ ఆండర్సన్ నియమావళి అచ్చేశాడు. ఆ తర్వాత రెండు గ్రాండ్ లాడ్జిలుగా చీలి అరవై ఏళ్ళకు పైగా పోట్లాడుకుని 1813 డిసెంబర్ 27న మళ్ళీ ఒకటయ్యాయి. అన్నదమ్ముల సంఘంలో కూడా గొడవలుంటాయి, ఆ గొడవలు తీరతాయి కూడా.

ఇది ఒక మతమా? నేను నా మతం వదులుకోవాలా?

కాదు, అక్కర్లేదు. చేరాలంటే ఒక పరమాత్మ మీద నమ్మకం ఉండాలి, అంతే, ఆయన్ని మీరు ఏ పేరుతో పిలుస్తారో ఎవరూ అడగరు. లాడ్జిలో ఆయన్ని విశ్వానికి మహాశిల్పి అంటారు, ఇది కొత్త దేవుడి పేరు కాదు, వేరువేరు నమ్మకాలవాళ్ళు ఒకే ప్రార్థనలో తలవంచడానికి వీలుగా పెట్టుకున్న మాట. లాడ్జి తెరిచి ఉన్నంతసేపూ పవిత్ర గ్రంథం తెరిచి ఉండాలి, దాని మీద మూలమట్టమూ వృత్తం గీసే కంపాసూ పెడతారు. మెంబర్లలో వేరువేరు మతాలవాళ్ళుంటే రెండు మూడు గ్రంథాలు పక్కపక్కనే తెరిచి పెట్టే లాడ్జిలున్నాయి, ఎవరు ప్రమాణం చేస్తుంటే వాళ్ళ గ్రంథం మీద చెయ్యి పెట్టిస్తారు. ఆ దృశ్యం ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు.

వర్షిప్‌ఫుల్ మాస్టర్ అని లాడ్జి పెద్దని పిలుస్తారు, ఆ మాట విని చాలామంది కంగారు పడతారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు గౌరవనీయులు అని అర్థం, ఎవరూ ఎవర్నీ పూజించరు.

అందరూ దీన్ని ఒప్పుకోరన్నది కూడా చెప్పాలి. కేథలిక్ చర్చి 1738లో పోప్ పన్నెండో క్లెమెంట్ కాలం నుంచీ వద్దనే అంటోంది, 1983లో మళ్ళీ అదే మాట చెప్పింది. మీరు కేథలిక్ అయితే ఆ సంగతి తెలుసుకునే నిర్ణయం తీసుకోండి, మేము ఎవర్నీ వాళ్ళ చర్చితో గొడవ పడమని చెప్పం. ఇంకోవైపు ఫ్రాన్స్‌లో గ్రాండ్ ఓరియంట్ అనే మేసన్ల సంస్థ 1877లో దేవుడి నమ్మకం తప్పనిసరి అన్న రూల్ తీసేసింది, అప్పటినుంచీ ఇంగ్లీషు పద్ధతివాళ్ళకీ వాళ్ళకీ రాకపోకలు లేవు.

మరి సైతాన్ పూజ అని అంటారే?

ఈ కథలో చాలా భాగం ఒక మనిషి కల్పించి రాసింది. లియో టాక్సిల్ అనే ఫ్రెంచి రచయిత 1880ల చివర్లోనూ 1890ల్లోనూ మేసన్‌లు సైతాన్‌ని కొలుస్తారని పుస్తకాల మీద పుస్తకాలు రాశాడు, జనం ఎగబడి చదివారు. 1897 ఏప్రిల్‌లో పారిస్‌లో సభ పెట్టి అందరి ముందూ ఇదంతా నేను అల్లిన అబద్ధం అని తనే ఒప్పుకున్నాడు. అయినా ఆ మాటలు ఇప్పటికీ వీడియోల్లో తిరుగుతూనే ఉన్నాయి, ఎవరో ఒకరు నాకు పంపిస్తూనే ఉంటారు.

రహస్య సంఘమేనా? ఏం దాస్తారు?

లాడ్జి ఎక్కడుందో తెలుసు, గ్రాండ్ లాడ్జి ఫోన్ నంబరు దొరుకుతుంది, నేను మెంబర్ని అని నేనే చెప్తున్నా. మేము బయటపెట్టం అని మాటిచ్చేది ఒకర్నొకరు గుర్తుపట్టే కొన్ని సైగలూ మాటలూ మాత్రమే. అవి కూడా 1730లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే ఆయన లండన్‌లో అచ్చేసి అమ్మేశాడు, అంటే దాదాపు మూడొందల ఏళ్ళుగా డబ్బులు పెట్టి కొనుక్కునే రహస్యాలు ఇవి. మరి ఎందుకు దాస్తారు అంటే, మాటిచ్చాం కాబట్టి. నాకు చిన్న విషయం చెప్పి ఎవరికీ చెప్పకు అన్నప్పుడు నేను నిలబడగలనా లేదా, ఆ పరీక్షే అందులో ఉంది, దాచే విషయం పెద్దదా చిన్నదా అన్నది కాదు. పైగా పుస్తకంలో చదివినదానికీ ఆ గది మధ్యలో నిలబడి వినడానికీ పోలికే లేదు, అందుకే కింద నేను కొంచెం వివరంగా చెప్పినా మీ ఇనిషియేషన్, అంటే మిమ్మల్ని చేర్చుకునే తంతు, పాడైపోదు.

ఇనిషియేషన్ రోజు ఏం చేస్తారు? భయపెడతారా?

భయపెట్టరు. ఎగతాళి అస్సలు ఉండదు, అలా ఎవరైనా చేస్తే అది లాడ్జి తప్పు.

ముందు బయట చిన్న గదిలో కూర్చోబెడతారు. అక్కడ కత్తి పట్టుకుని ఒక పెద్దాయన కాపలా ఉంటారు, ఆయన్ని టైలర్ అంటారు (బట్టలు కుట్టే టైలర్ కాదు, తలుపు కాపలాదారు), చాలా లాడ్జిల్లో అన్ని పదవులూ చేసేసి ఇంక ఏ పదవీ అక్కర్లేని సీనియరే ఆ కుర్చీలో ఉంటారు, మీతో నెమ్మదిగా మాట్లాడి ధైర్యం చెప్పేది ఆయనే. మీ దగ్గరున్న లోహం అంతా తీసి ఇచ్చేయమంటారు, డబ్బులు, వాచీ, ఉంగరం, బెల్టు బకిలూ అన్నీ. బట్టలు ఒక పద్ధతిలో సర్దుతారు, ఒక కాలి పాంటు మోకాలిదాకా మడుస్తారు, కళ్ళకు గంతలు కడతారు. తర్వాత ఒకరు చెయ్యి పట్టుకుని తలుపు దగ్గరికి తీసుకెళ్తారు, మూడుసార్లు తట్టుతారు.

లోపల మీరు నడిచేది పూర్తిగా ఆ పక్కమనిషి చెయ్యిని నమ్మి. నేల ఎక్కడుందో తెలీదు, ఎంతమంది చూస్తున్నారో తెలీదు, ఎడంకాలు ముందు వెయ్యండి అని చెవిలో చెప్తే వేస్తారు. పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడైనా, ఇంట్లో అందరికీ ఆర్డర్లు వేసేవాడైనా, ఆ పది పదిహేను నిమిషాలు అంతే. ప్రమాణం అయ్యాక గంతలు విప్పుతారు.

నన్ను కుదిపేసింది దాని తర్వాత జరిగింది. కొత్తవాణ్ణి గదిలో ఈశాన్య మూలకి తీసుకెళ్ళి నిలబెడతారు, ఎందుకంటే బిల్డింగ్‌కి పునాదిరాయి వేసేది ఆ మూలనే కాబట్టి, నువ్వే ఇప్పుడు ఆ రాయివి అన్నమాట. అక్కడ దానధర్మాల గురించి చాలా చక్కటి మాటలు చెప్పి, అప్పటికప్పుడు మీరు కూడా ఏమైనా ఇస్తారా అని అడుగుతారు. నా చెయ్యి అలవాటుగా జేబు దగ్గరికి పోయింది. ఏముంది, ఏమీ లేదు, అన్నీ బయటే తీసేసుకున్నారు. గది మొత్తం నిశ్శబ్దం, నలభై యాభైమంది చూస్తున్నారు, నా మొహం వేడెక్కిపోవడం నాకే తెలుస్తోంది, ఏమీ లేదండీ అన్నాను, ఆ మాట గొంతులోంచి సరిగ్గా రాలేదు. అప్పుడు చెప్పారు, ఇది నిన్ను ఆడించడానికి కాదు, ఎప్పుడైనా కష్టంలో ఉన్న మనిషి నీ ముందుకొచ్చి చెయ్యి చాపితే, నువ్వు ఏమీ లేకుండా ఇక్కడ నిలబడిన ఈ క్షణం గుర్తు తెచ్చుకో అని.

ఆ రోజు తర్వాత ఎవరైనా నా ముందు డబ్బు అడగడానికి తటపటాయిస్తుంటే వాళ్ళ మొహంలో నాకు ఆ వేడి కనిపిస్తుంది. నూరు ప్రవచనాలు విన్నా రానిది నాకు ఆ అర నిమిషంలో వచ్చింది. తంతు ఎందుకు, నాలుగు మంచి మాటలు కూర్చోబెట్టి చెప్తే సరిపోదా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇదే.

ప్రమాణం తప్పితే గొంతు కోస్తాం అని ఉంటుందటగా?

పాత మాటల్లో అలాంటి శిక్షల ప్రస్తావన ఉండేది, అవి పాతకాలపు చట్టాల భాష, అవి ప్రతీకలే అని ఎంత చెప్పినా వినేవాళ్ళకు ఇబ్బందిగానే ఉండేది. ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి 1986లో ప్రమాణాల్లోంచి వాటిని తీసేసింది, మంచి పని చేసింది. అలాగని చరిత్రలో మచ్చ లేదని కాదు, 1826లో న్యూయార్క్ రాష్ట్రంలో రహస్యాలు అచ్చేస్తానన్న విలియం మోర్గన్‌ని కొందరు మేసన్‌లు ఎత్తుకుపోయారు, ఆయన మళ్ళీ కనిపించలేదు. దాని మీద జనానికి వచ్చిన కోపం ఎంతంటే మేసన్‌లకు వ్యతిరేకంగా అమెరికాలో ఒక రాజకీయ పార్టీయే పుట్టింది, ఆ కోపం న్యాయమైనదే. మాట నిలబెట్టుకోవడం అంటే ఇంకొకడికి హాని చేయడం కాదు, ఎప్పటికీ కాదు.

ఆ పనిముట్లతో నీతి చెప్పడం ఏంటి? కొంచెం చిన్నపిల్లల పాఠంలా లేదూ?

మొదట వింటే అలాగే ఉంటుంది, నాకూ అలాగే అనిపించింది. మొదటి డిగ్రీలో 24 అంగుళాల కొలబద్ద ఇస్తారు, అది రోజులో 24 గంటలు, కొంత ప్రార్థనకి, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత కష్టంలో ఉన్న స్నేహితుడికి. ఆ చివరిదానికి ఒక షరతు ఉంది, నీకూ నీ ఇంట్లోవాళ్ళకీ నష్టం రాకుండా అని, అంటే ఇల్లు వదిలేసి లాడ్జి చుట్టూ తిరగమని ఎవరూ చెప్పలేదు, ఈ ముక్క కొత్తవాళ్ళకి నేను రెండుసార్లు చెప్తాను. తర్వాత సుత్తి, ఉలి. గదిలో రెండు రాళ్ళుంటాయి, ఒకటి గనిలోంచి తీసినట్టు మొరటుగా, ఇంకోటి నున్నగా మూలలు తేలి. మొరటు రాయి కొత్తవాడు. రెండోది ఎవరు అని అడిగితే ఇంకా ఎవరూ కాలేదనే చెప్తాం.

రెండో డిగ్రీలో మూలమట్టం, మట్టం, తూకం గుండు. గోడకి వాడేవే. మూలమట్టం అంటే నడవడిక, మట్టం అంటే అందరూ సమానం, తూకం గుండు అంటే నిటారుగా నిలబడటం. కంపాస్ మాత్రం వేరే, అది కోరికలకీ కోపానికీ ఒక గీత గీసుకోవడం, ఆ గీత దాటి వెళ్ళకపోవడం.

ఇదంతా మాటలే కదా అంటే, ఒక సంగతి చెప్తా. ఆస్తి విషయంలో మా అన్నయ్యకి ఒకసారి పెద్ద మెసేజ్ టైప్ చేశాను, అందులో ప్రతీ ముక్కా నిజమే, ప్రతీ ముక్కా ఆయన్ని పొడవడానికే రాసింది. పంపేముందు, ఎందుకో తెలీదు, కంపాస్ గుర్తొచ్చింది, బొమ్మలాగా, ఒక కాలు మధ్యలో గుచ్చి రెండోది చుట్టూ తిరగడం. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను. పొద్దున లేచి చదివితే నాకే సిగ్గేసింది, డిలీట్ చేసి ఫోన్ చేసి మాట్లాడాను. ఆస్తి గొడవ వెంటనే తీరిపోలేదు, ఇంకో రెండేళ్ళు పట్టింది, కానీ ఆ రెండేళ్ళూ మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం. కోపం తగ్గించుకో అని చిన్నప్పటినుంచీ ఎంతమంది చెప్పలేదు, ఆ మాటలేవీ ఆ రాత్రి గుర్తు రాలేదు, చేత్తో పట్టుకున్న వస్తువు గుర్తొచ్చింది.

మూడో డిగ్రీలో ఏముంది?

చావు ఉంది. సోలమన్ గుడి కట్టిన హిరామ్ అబిఫ్ అనే శిల్పిని, ముగ్గురు పనివాళ్ళు మాస్టర్ల రహస్యం చెప్పమని మూడు ద్వారాల దగ్గర ఆపుతారు, ఆయన చెప్పడు, చంపేస్తారు. బైబిల్లో టైరు నుంచి వచ్చిన కంచు పనివాడు హిరామ్ ఉన్నాడు గానీ ఈ హత్య లేదు, ఇది మేసన్‌ల కథ. ఆ రోజు దీపాలు దాదాపు ఆర్పేస్తారు, కొత్తవాడు చూస్తూ కూర్చోడు, కథలో తనే ఉంటాడు. అంతకుమించి చెప్పను. ఆ చీకట్లో నాకు వచ్చిన ఆలోచన మాత్రం చెప్తా, నేను పోయాక నా గురించి నా పిల్లలు చెప్పుకునే మాటల్లో నేను డబ్బుతో కొన్నవి ఎన్ని ఉంటాయి అని. అప్పటినుంచీ ఆ ప్రశ్న నా వెంటే ఉంది.

మెంబర్ పోయినప్పుడు తోటివాళ్ళు తుమ్మజాతి అకేసియా చెట్టు రెమ్మ ఒకటి ఉంచుతారు, అది కూడా ఈ కథలోదే.

పుస్తకం చూసి చదవొచ్చు కదా, అంతంత మాటలు కంఠస్థం ఎందుకు?

చదివేవాడి కళ్ళు కాగితం మీద ఉంటాయి, కంఠస్థం వచ్చినవాడి కళ్ళు నీ మీద ఉంటాయి. తేడా అదే. లండన్‌లో ఎమ్యులేషన్ లాడ్జ్ ఆఫ్ ఇంప్రూవ్‌మెంట్ అని 1823 నుంచీ ఈ అభ్యాసం కోసమే నడుస్తోంది, అక్కడ తంతు మొత్తం ఒక్క తప్పూ దిద్దించుకోకుండా నడిపినవాళ్ళకి వెండి అగ్గిపెట్టె ఇస్తారు. అంత పట్టింపు ఉంది.

కానీ నాకు గుర్తున్నది తప్పుల్లేకుండా చెప్పినవాళ్ళు కాదు. మా లాడ్జిలో ఒక పాస్ట్ మాస్టర్, అంటే ఇంతకుముందు లాడ్జి పెద్దగా చేసినాయన, బాగా పెద్దాయన, ఇనిషియేషన్ చివర్లో కొత్తవాడికి చెప్పే హితోపదేశం ఈసారి నేనే చెప్తానని పట్టుబట్టారు, అది పుస్తకంలో పేజీల కొద్దీ ఉంటుంది. మధ్యలో ఆగిపోయారు. పక్కనున్నాయన మెల్లగా ఒక్క మాట అందించారు, మళ్ళీ ఎత్తుకున్నారు, మళ్ళీ ఆగారు, చేతిలో ఉన్న గ్లవ్స్‌ని వేళ్ళతో నలుపుతూనే ఉన్నారు గానీ ఆ కుర్రాడి మొహం మీంచి మాత్రం చూపు తిప్పలేదు. అందులో ఒకచోట నీకు ఇతరులు ఏం చేయాలని కోరుకుంటావో అదే వాళ్ళకి చెయ్యి అన్న అర్థం వచ్చే మాట ఉంది, అక్కడ ఆయన గొంతు గట్టిపడింది, అక్కణ్ణుంచి చివరిదాకా ఆగలేదు. ఒక మనిషి నెలలపాటు రాత్రిళ్ళు కూర్చుని బట్టీపట్టింది ఇంకొక్క మనిషికి చెప్పడానికి, ఆ ఒక్కడి కోసమే. అది ఆ కుర్రాడికి అప్పుడు అర్థమైందో లేదో గానీ తర్వాత మూడేళ్ళకి అదే ప్రసంగం తను నేర్చుకుంటానని వచ్చాడు.

మీటింగ్ తర్వాత భోజనం అంటారు, అది ఎందుకంత ముఖ్యం?

దాన్ని ఫెస్టివ్ బోర్డ్ అంటారు. గదిలో పదవులు, వరసలు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో లెక్క ఉంటుంది, బల్ల దగ్గరికొచ్చాక భుజాలు దిగిపోతాయి. టోస్టులుంటాయి, అంటే గ్లాసులెత్తి ఎవరికో మంచి జరగాలని కోరుకోవడం, వాటికోసం అడుగుభాగం మందంగా ఉండే చిన్న గ్లాసులుంటాయి, అందరూ ఒకే లయలో బల్లకేసి కొడతారు. మద్యం తాగని వాళ్ళు నీళ్ళో జ్యూసో పోసుకుంటారు, ఎవరూ ఏమీ అనరు.

రాజకీయాలూ మతమూ లాడ్జిలో చర్చించకూడదు, ఇది ఆండర్సన్ కాలం నుంచీ ఉన్న రూల్. చుట్టూ యుద్ధాలూ మత కక్షలూ చూసి విసిగిపోయిన తరం పెట్టుకున్న రూల్ అది, ఈ రోజుల్లో దాని విలువ నాకు ఇంకా ఎక్కువ కనిపిస్తోంది, నా పక్కన కూర్చునే ఆయన ఎవరికి ఓటేస్తాడో నాకు పదేళ్ళయినా తెలీదు, ఆయన కూతురికి ఆపరేషన్ అయిన తేదీ మాత్రం తెలుసు.

రాత్రి తొమ్మిదింటికి చాలా లాడ్జిల్లో రానివాళ్ళ కోసం ఒక టోస్టు ఉంటుంది. గడియారం ముళ్ళు తొమ్మిది గంటలకి మూలమట్టంలా ఉంటాయి కదా, అందుకని ఆ టైము. జబ్బుతో ఉన్నవాళ్ళు, దూరదేశాల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళు కూడా అక్కడ ఆ టైముకి మనల్ని తలుచుకుంటారు. అన్నిటికంటే చివర టైలర్ టోస్టు, భూమ్మీద గానీ నీళ్ళమీద గానీ ఎక్కడెక్కడో కష్టాల్లో ఉన్న మేసన్‌లందరికీ త్వరగా ఊరట దొరకాలని, కోరుకుంటే క్షేమంగా సొంతదేశం చేరాలని. నాజీలు 1935కల్లా జర్మనీలో లాడ్జిలన్నీ మూయించారు, స్పెయిన్‌లో ఫ్రాంకో 1940లో మేసన్ కావడమే నేరం అని చట్టం తెచ్చాడు, అవి చదివాక ఆ టోస్టు నాకు ఉత్త మర్యాద మాటలా వినిపించడం మానేసింది.

చేరితే బిజినెస్‌కి, ఉద్యోగానికి ఉపయోగపడుతుందా?

ఆ ఉద్దేశం ఉంటే రాకండి. తంతు మొదట్లోనే లాభాపేక్షతో రాలేదని మీ నోటితో మీరే చెప్పాలి, అబద్ధంతో మొదలుపెట్టడం ఎందుకు.

దానధర్మాలు అంటే చెక్కులు ఇవ్వడమేనా?

అదీ ఉంది. 1788లో రుస్పినీ అనే పళ్ళ డాక్టరు చొరవతో లండన్ మేసన్‌లు కష్టాల్లో పడ్డ తోటివాళ్ళ ఆడపిల్లల కోసం స్కూలు పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో మేసన్‌ల నుంచే పుట్టిన ష్రైనర్స్ సంస్థ 1922లో ష్రీవ్‌పోర్ట్‌లో పిల్లల ఆసుపత్రి మొదలుపెట్టి తర్వాత చాలాచోట్ల పెట్టింది.

కానీ లాడ్జిలో ఆల్మనర్ అని ఒక పదవి ఉంటుంది, నన్నడిగితే మాస్టర్ కుర్చీ కంటే అదే పెద్దది. ఎవరు రావడం మానేశారు, ఎవరి భార్య పోయింది, పోయిన మెంబర్ భార్య ఒంటరిగా ఎలా ఉంది, ఇవన్నీ చూసుకోవడం ఆయన పని. నేను రెండేళ్ళు చేశాను. ఒకావిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది, నెలకోసారి ఫోన్ చేసేవాణ్ణి, డబ్బు ఎప్పుడూ అడగలేదు, ఒకసారి మాత్రం బల్బు మార్చడానికి స్టూలు ఎక్కలేకపోతున్నా అన్నారు. వెళ్ళి మార్చాను. వారం రోజులుగా వంటింట్లో చీకట్లోనే చేసుకుంటున్నారట, ఎవర్నీ అడగలేక. ఈశాన్య మూల నాకు అక్కడ మళ్ళీ గుర్తొచ్చింది.

ఆడవాళ్ళు చేరొచ్చా?

మగవాళ్ళ లాడ్జిల్లో కాదు, వాళ్ళకి వేరే లాడ్జిలున్నాయి. మరియా దెరేమ్ అనే ఫ్రెంచి ఆవిడ 1882లో మేసన్ అయ్యారు, 1893లో ఆడా మగా కలిసి ఉండే లె ద్రువా యుమేన్ అనే సంస్థ మొదలైంది, ఇంగ్లండ్‌లో ఇప్పుడు పూర్తిగా ఆడవాళ్ళదే అయిన ఒక సంస్థ 1908లో మొదలైంది. తంతు దాదాపు అదే.

అందరూ సమానం అంటారు, నిజంగా పాటించారా?

అన్నిసార్లూ పాటించలేదు. 1775లో బోస్టన్‌లో ప్రిన్స్ హాల్ అనే నల్లజాతి ఆయనా ఇంకో పద్నాలుగు మందీ బ్రిటిష్ సైన్యంతో ఉన్న ఒక లాడ్జిలో మేసన్‌లయ్యారు, అక్కడి తెల్లవాళ్ళ లాడ్జిలు కలుపుకోలేదు, ఆయన లండన్‌కి రాసి 1784లో ఆఫ్రికన్ లాడ్జికి అనుమతిపత్రం తెచ్చుకున్నారు. ఆ పరంపరని అమెరికాలో కనెక్టికట్ గ్రాండ్ లాడ్జి గుర్తించింది 1989లో, ఇంగ్లండ్ 1994లో. రెండొందల ఏళ్ళు. మట్టం చేత్తో పట్టుకుని పాఠం చెప్పినవాళ్ళే పక్కవాణ్ణి తలుపు బయట నిలబెట్టారు. ఇది కొత్తవాళ్ళకి దాచకుండా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే పనిముట్టు ఉన్నంత మాత్రాన గోడ నిటారుగా లేవదు, వాడాలి.

బ్లాక్‌బాల్ అంటే ఏంటి?

కొత్తవాడిని తీసుకోవాలా వద్దా అని రహస్య ఓటు, తెల్లగోళీ ఔను, నల్లగోళీ కాదు. ఇంగ్లండ్ రూల్ ప్రకారం మూడు నల్లవి పడితే రానట్టే, లాడ్జి కావాలంటే ఇంకా గట్టి రూల్ పెట్టుకోవచ్చు, చాలాచోట్ల ఒక్కటి పడినా చాలు.

నేను చేరాలంటే ఏం చేయాలి?

అడగాలి. మామూలుగా మేమొచ్చి మిమ్మల్ని చేరమని బతిమాలం. తెలిసిన మేసన్ ఉంటే ఆయన్ని, లేకపోతే గ్రాండ్ లాడ్జిని అడగండి. ముందు ఒకటి రెండుసార్లు ఊరికే కలుస్తారు, తర్వాత ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడతారు, ఎందుకు చేరాలనుకుంటున్నారు, ఇంట్లో ఒప్పుకున్నారా, చందా కట్టడం ఇంటి ఖర్చులకి భారం కాదు కదా అని అడుగుతారు. తెలివిగా జవాబులు తయారుచేసుకుని వెళ్ళొద్దు. ఇంట్లోవాళ్ళకి ఏమైనా అనుమానాలుంటే వాళ్ళనీ తీసుకురండి, వాళ్ళ ప్రశ్నలకి కూడా జవాబు చెప్తాం. ఆ తర్వాత ఓటు, ఆ తర్వాత తేదీ చెప్తారు, దీనికంతా నెలలు పట్టొచ్చు, ఆలస్యమైందంటే వద్దనుకున్నారని కాదు.

ఆ రోజు కొంచెం ముందే రండి, తేలిగ్గా తినండి. పెళ్ళి ఉంగరం వేలికి బిగుసుకుపోయి రాకపోతే టైలర్‌కి ముందే చెప్పండి, సబ్బు పెట్టి లాగి వేలు వాచేలా చేసుకోకండి, మా దగ్గరైతే దాని మీద టేపు చుట్టేస్తాం.